ఇరవయ్యో చీటీ

సినిమాను గురించి వ్యాసం వ్రాస్తానని నేను చెప్పినప్పుడు సంపాదకవర్గంలోని మిత్రులొకరు, "కళాశాల సంచికలో సినిమా కబుర్లెందుకయ్యా?" అని మందలించారు. వారి మాట కాదనలేను. కాని నేను చెప్పదలచినది ఒక ఆటను సినిమాగా తీయబోయి నేను చేసిన తప్పును గురించి. 2023 వార్షికోత్సవం నాడు మా చిన్న చిత్రాన్ని చూసి చప్పట్లు కొట్టిన విద్యార్థులకు గాని, వేదిక మీదికి పిలిచి నా భుజం తట్టిన కమిటీ పెద్దలకు గాని ఆ సంగతి తెలియదు. చప్పట్లు అందుకున్నవాడిని కనుక చెప్పవలసిన భారం కూడా నాదే.

2022 రంజాన్ మాసంలో, హైదరాబాదులో ఇంజనీరింగు చదువుతున్న మా ఖాలా కొడుకు సెలవులకు కోరుట్ల వచ్చాడు. నాకంటె మూడేండ్లు పెద్ద. భాయి అని పిలుస్తాను. తరావీహ్ నమాజు ముగించుకొని వచ్చాక సహరీ వేళ దాకా నిద్రపట్టని రాత్రులవి. ఒకనాడు మిద్దె మీద చాప పరచి, నన్నూ మా కళాశాల మిత్రులు ముగ్గురినీ కూర్చోబెట్టి, "మీకొక ఆట నేర్పుతాను. ఇందులో ఒకడు గెలవడం, ఒకడు ఓడడం ఉండదు" అన్నాడు. గెలుపోటములు లేని ఆట ఏమి ఆట అని మేము నవ్వుకున్నాము.

ఆ ఆట పేరు డంజన్స్ అండ్ డ్రాగన్స్. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు దీనిని వెలువరించారు. మొదటిసారి తయారు చేసినవి వెయ్యి పెట్టెలు మాత్రమే. చదరంగానికి వలె దీనికి గళ్లపలక తప్పనిసరి కాదు. ఆడేవారిలో ఒకరు కథకుడు. అతడు ఒక లోకాన్ని మాటలతోనే కళ్లకు కట్టిస్తాడు. ఇదిగో అడవి, ఇదిగో పాడుపడిన కోట, ఆ తలుపు వెనుక ఏదో గురక పెడుతున్నది, ఇప్పుడు మీరేమి చేస్తారు? అని అడుగుతాడు. తక్కినవారు తలా ఒక పాత్ర ధరించి తామేమి చేస్తారో చెబుతారు. ఆ పని ఫలిస్తుందో లేదో సందేహమైన చోట ఇరవై ముఖాల పాచిక వేస్తారు. పెద్ద అంకె పడితే పని నెరవేరుతుంది. ఇరవై పడితే పండుగే. ఒకటి పడితే చేతిలోని కత్తి జారి తన కాలి మీదనే పడినా ఆశ్చర్యం లేదు. అందువలన తరువాత ఏమి జరుగుతుందో కథ చెప్పేవానికి కూడా తెలియదు. నన్ను ఆ ఆటకు కట్టివేసినది ఈ గుణమే.

ఇరవై ముఖాల పాచిక కోరుట్ల బజారులో ఎక్కడ దొరుకుతుంది? భాయి తనది హాస్టలులో మరచి వచ్చాడు. నోటుపుస్తకం కాగితాన్ని ఇరవై ముక్కలు చేసి, ఒకటి మొదలు ఇరవై వరకు అంకెలు వేసి, చీటీలుగా మడిచి, మా దాదీ తంబాకు పోసుకునే రేకుడబ్బాలో వేశాము. ఎంత కడిగినా ఆ డబ్బాకు వాసన పోలేదు. నేటికీ తంబాకు వాసన తగిలితే నాకు దయ్యాలూ నిధులూ గుర్తుకు వస్తాయి. నియమాలలో మొదటి భాగాన్ని ఆ కంపెనీవారు ఉచితంగానే ఇస్తారు కనుక దానిని జిరాక్సు తీయించుకున్నాము.

నేను ఖడ్గధారిని. ఒక మిత్రుడు మాంత్రికుడు, మరొకడు గాయాలు మాన్పే హకీము. నాలుగవవాడు, ఈ వ్యాసానికి అసలు నాయకుడు, మా పట్నానికి నాలుగు మైళ్ల దూరంలోని పల్లె నుండి సైకిలు మీద వచ్చేవాడు. అతడు తాళాలు తీసే పాత్రను ఎన్నుకున్నాడు. పుస్తకంలో దానికి దొంగ అనే అర్థమే ఉన్నది. మేము వానిని "దొంగా, దొంగా" అని పిలుస్తుండగా కింద నుండి దాదీ కసిరింది: "దొంగ ఏమిటిరా? అయ్యార్ అనండి."

దాదీ మాట ఒకటి చెప్పవలె. మా వాడలోని చాలామంది స్త్రీల వలె ఆమె కూడా జీవితమంతా బీడీలు చుట్టింది. ఒడిలో చాట, తడిపిన తునికాకు, కత్తెర, తంబాకు. చేతులు తమ పని తాము చేసుకుపోతుంటే నోరు కథ చెబుతూ ఉండేది. అమీర్ హమ్జా దాస్తానులోని అమర్ అయ్యార్ ఆమెకు సొంత మేనమామ అన్నంత చనువు. వేషాలు మార్చుతాడు, కోటలలో దూరుతాడు, ఎంత వేసినా నిండని జంబీల్ అనే సంచి అతని భుజాన ఉంటుంది. అటువంటి సంచి ఈ అమెరికా ఆటలో కూడా ఉన్నదని భాయి చెప్పినప్పుడు దాదీ ఏమాత్రం ఆశ్చర్యపోలేదు. "మనవాళ్ల దగ్గర నేర్చుకొని ఉంటారు" అని తేల్చివేసింది. చరిత్రకారులు ఒప్పుకుంటారో లేదో గాని, ఆ రాత్రి మేము ఒప్పుకున్నాము.

దాదీ కథలలో నాకు అన్నిటికంటె ప్రియమైనది గుల్-ఎ-బకావలీ. చిన్న కొడుకు తాజుల్‌ములూక్ ముఖం చూడగానే రాజుకు కళ్లు పోతాయి. బకావలీ అనే పరీ తోటలోని పువ్వు తెస్తే గాని చూపు రాదు. నలుగురు అన్నలు బయలుదేరి, దారిలో ఒక వేశ్య ఇంట పాచికలాడి, సర్వం ఓడి ఆమెకు బానిసలవుతారు. ఆమె ఆట అంతా మోసం. పిల్లి నెత్తిన దీపం, దాని నీడలో ఒక ఎలుక. పాచిక పడగానే ఎలుక వచ్చి దానిని తిప్పివేస్తుంది. చిన్నవాడు ఆ మర్మం కనిపెట్టి, చేతి మడతలో ముంగిసను దాచుకొని వెళ్లి గెలుస్తాడు. పువ్వు కూడా అతడే తెస్తాడు. కాని తిరుగుదారిలో అన్నలు ఆ పువ్వును లాక్కొని, తామే తెచ్చామని తండ్రికి చెప్పుకుంటారు. ఈ చివరి ముక్కను పాఠకులు కాస్త గుర్తుంచుకోవలెనని ప్రార్థన.

ఫార్సీలో ఇజ్జతుల్లా బెంగాలీ వ్రాసిన ఈ కథను 1803లో నిహాల్‌చంద్ లాహోరీ కలకత్తా ఫోర్ట్ విలియం కళాశాలలో ఉర్దూ వచనం చేశాడు. ఆపైన లక్నోలో పండిత దయాశంకర్ నసీం దానిని మస్నవీగా వ్రాసి చిరకీర్తి గడించాడు. మూకీల కాలంలో 1924లోనే బొంబాయివారు దీనిని సినిమా తీశారు. తమిళంలో 1955లో ఎం.జి.రామచంద్రన్, తెలుగులో 1962లో ఎన్.టి.రామారావు నాయకులుగా చిత్రాలు వచ్చాయి. ఆ తెలుగు చిత్రంలోని పాటలతోనే మన సిరిసిల్ల ప్రాంతపు హనుమాజీపేటలో పుట్టిన సి.నారాయణరెడ్డిగారు సినీరంగంలో అడుగుపెట్టారు. ఉర్దూ మాధ్యమంలో చదువుకొని తెలుగు కవి అయిన మనిషి చేతికి, ఉర్దూలో పెరిగి తెలుగు తెరకు వచ్చిన కథ అందడం నాకెంతో ముచ్చటగా తోస్తుంది. రెండు భాషల మధ్య నడిచే మా వంటి కళాశాల విద్యార్థులకు ఇది ఇంటి సంగతే.

ఆ చిత్రాన్ని దాదీ చూసింది. ఎలా ఉన్నదని అడిగితే, "పాటలు బాగున్నాయి. కాని సినిమావాడు నన్ను ఒక్క మాట అడగలేదు" అన్నది. చిన్నప్పుడు నాకది అర్థం కాలేదు. దాదీ కథ చెప్పేటప్పుడు మేము ఊఁ కొట్టవలె. ఊఁ ఆగితే బీడీ చుట్టే చేయీ ఆగేది, కథా ఆగేది. అంతే కాదు, నడుమ నడుమ "ఇప్పుడు తాజుల్‌ములూక్ ఏమి చేయాలి?" అని మమ్మల్నే అడిగేది. నేను ఎలుకను పట్టుకొమ్మంటే ఒక దారి, మా చెల్లెలు దీపం ఆర్పుమంటే మరొక దారి. కొన్ని రాత్రులు పువ్వు దాకా పోకుండానే కథ ముగిసేది. తెర మీది పాత్ర మన ఊఁ కోసం నిలువదు. మనవాళ్లు హాలులో ఈలలు వేసి, నాణేలు విసిరి ఆ లోటు తీర్చుకోజూస్తారు గాని, ఎన్ని నాణేలు విసిరినా కథ దారి తప్పదు కదా!

ఇక మా ఆట సంగతి. నెల చివరికి వచ్చేసరికి మా నలుగురం ఒక తిలిస్ములో చిక్కుకున్నాము. మాంత్రికుని మంత్రాలు అయిపోయాయి, హకీము మూలికలు అయిపోయాయి, నా ఖడ్గం విరిగింది. ఎదుట మూసిన తలుపు. దాని ముందు రాతి కావలివాడు. అయ్యార్ తాళం తీయబోయి డబ్బాలో చేయి పెట్టాడు. ఒకటి వచ్చింది. పనిముట్టు తాళంలోనే విరిగింది. మేము ఉసూరుమన్నాము. ఇక ఆట ముగిసినట్లేననుకున్నాము.

అతడు కొంతసేపు ఊరకుండి, "భాయీ, నేను తలుపు ముట్టను. ఆ రాతి మనిషి ముందు కూసుని కథ చెప్త" అన్నాడు. అటువంటి పని నియమాలలో ఎక్కడా లేదు. అయినా భాయి సరేనన్నాడు. అప్పుడతడు చెప్పినది కల్పన కాదు. అతనికి ఏడాది నిండినప్పుడు తండ్రి గల్ఫుకు పోయాడు. నాలుగేండ్లకు తిరిగి వచ్చాడు. బస్టాండులో తల్లి ముందుకు తోస్తే, "ఈయన ఎవరు?" అని అడిగాడట. తండ్రి నవ్వి, సంచిలో నుండి ఒక చేతిబ్యాటరీ తీసి ఇచ్చాడు. ఆ రాత్రి తండ్రి వాకిట్లో నులకమంచం మీద నిద్రపోతుండగా, పిల్లవాడు మెల్లగా లేచి, గోడకున్న ఫోటో మీద ఒకసారి, పడుకున్న మనిషి ముఖం మీద ఒకసారి ఆ వెలుతురు వేసి చూశాడు. ఫోటోలో మీసాలు నల్లగా ఉన్నవి. మంచం మీది మీసాలు నెరిసినవి. ఒకరేనా, ఇద్దరా అని తెల్లవారేదాకా తేల్చుకోలేకపోయాడు.

అతడు ఆగినప్పుడల్లా రాతి కావలివాని గొంతుతో భాయి ఊఁ కొడుతూ వచ్చాడు. చివరికి ఆ ఊఁ సన్నగిల్లింది. "చీటీ తియ్యి" అన్నాడు భాయి. ఇరవై వచ్చింది. ఎవరమూ కేకలు వేయలేదు. కావలివాడు నిద్రపోయాడు, తలుపు తెరుచుకున్నది. లోపల ఏమున్నదో అప్పుడు చెప్పలేదు. సహరీకి లేపే కేకలు వీధిలో మొదలయ్యాయి. ఈద్ ముగియగానే భాయి హైదరాబాదు వెళ్లిపోయాడు.

2023 జనవరిలో ఆ మిత్రునికి దుబాయి వీసా వచ్చింది. గోదాములో పని. రెండవ సంవత్సరం చదువు నడుమనే మానవలసి వచ్చింది. ఇంటి అప్పు సంగతి నాకు తెలుసు గనుక ఆగుమని అనలేకపోయాను. మన జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాలలో ఇది కొత్త విషయం కాదు. ప్రతి తరగతిలోనూ అటువంటి ఖాళీ బల్ల ఒకటి ఉంటుంది.

అదే సమయంలో వార్షికోత్సవానికి ఒక లఘుచిత్రం తీయాలనే మాట వచ్చింది. మా ఆటనే తీద్దామన్నాను. కథ నేనే వ్రాశాను. జగిత్యాల కోట దగ్గరకు పోయి, నక్షత్రాకారంలో కట్టిన ఆ రాతిగోడల బయట, కందకం అంచున, ఫోనుతోనే చిత్రీకరించాము. అట్టముక్కకు వెండికాగితం అంటించి ఖడ్గం చేశాము. లోబాన్ పొగతో తిలిస్మును సృష్టించాము. సిమెంటు సంచుల కాగితం చుట్టుకొని రాతి కావలివాడైన జూనియర్ తమ్ముడు ఆ ఎండలో పడిన బాధ వర్ణించనలవి కాదు.

తలుపు ఘట్టం వచ్చింది. అయ్యార్ వేషానికి మనిషి లేడు. వేరొకరిని పెడదామని హకీము మిత్రుడు అన్నాడు. నేను వినలేదు. కూర్చుని కథ చెప్పే మనిషిని ఐదు నిమిషాలు ఎవరు చూస్తారు, సినిమాకు యుద్ధం కావాలి, నాయకుడు ఒక్కడుండాలి అని వాదించాను. అయ్యార్ పాత్రనే తీసివేశాను. కావలివానిని ఖడ్గధారి ఓడించి తలుపు తెరిచినట్లు మార్చాను. ఆ ఖడ్గధారి ఎవరో వేరుగా చెప్పనక్కరలేదు. పధ్నాలుగు నిమిషాల చిత్రంలో మూడు నిమిషాలు నా కత్తి విన్యాసమే. చప్పట్లు వచ్చినదీ అక్కడనే.

చిత్రాన్ని ఫోనులో దుబాయికి పంపాను. రెండు రోజులు జవాబు లేదు. మూడవనాడు మాట్లాడినప్పుడు, "మంచిగున్నదిరా. కోట మస్తుగ కనబడ్డది" అన్నాడు. కొంచెం ఆగి, "అరే, ఆ తలుపు కాడ నేను కూసున్న గదరా?" అని అడిగాడు. కోపం లేదు, నిజంగానే అడిగాడు, తాను సరిగ్గా చూడలేదేమోనన్నట్లు. నేను సమయం చాలలేదని, నటుడు దొరకలేదని ఏమేమో చెప్పాను. అతడు ఊఁ, ఊఁ అంటూ విన్నాడు.

ఆ వర్షాకాలంలో హైదరాబాదులో భాయి గదిలో, ఇదే ఆట మీద హాలీవుడ్‌వారు తీసిన రెండు చిత్రాలను ల్యాప్‌టాప్ మీద వరుసగా చూశాను. మొదటిది 2000 సంవత్సరంలో వచ్చింది. దర్శకుడు కోర్ట్‌నీ సోలొమన్ ఇరవై ఏండ్ల ప్రాయంలోనే ఈ ఆట హక్కులు సంపాదించి, దాదాపు పదేండ్లు తిప్పలుపడి దానిని తెర మీదికి తెచ్చాడు. అంత ప్రేమతో మొదలైన చిత్రాన్ని చూసి ఎగతాళి చేయడానికి నాకు మనసొప్పదు. కాని అందులో ఆట వస్తువులే ఉన్నవి, ఆట లేదు. మహాసర్పాలున్నవి, మాంత్రికులున్నారు, జెరెమీ ఐరన్స్ వంటి నటుడు గొంతు చించుకొని అరుస్తాడు. పాత్రలు మాత్రం ఎవరో వెనుక నుండి తోసినట్లు ఒక చోటి నుండి మరొక చోటికి పోతుంటవి. ఇప్పుడేమి చేద్దాం అని ఒక్కరూ తలగోక్కోరు. నా చిత్రం దానికి తమ్ముడని నాకు వెంటనే తెలిసిపోయింది.

రెండవది జొనాథన్ గోల్డ్‌స్టీన్, జాన్ ఫ్రాన్సిస్ డేలీ కలిసి దర్శకత్వం వహించగా 2023 మార్చిలో విడుదలైన 'హానర్ అమాంగ్ థీవ్స్'. అందులో మా చాప కనబడింది. నాయకుడు ఎడ్జిన్ వీణ వంటి వాద్యం వాయించే పాటగాడు. కండబలం స్నేహితురాలిది, మంత్రబలం మరొకనిది. ఇతని పని ఉపాయాలు పన్నడం. అవి చెడిపోతే వేరేవి పన్నడం. ఒక చోట శ్మశానంలో శవాలను లేపి రహస్యం అడుగుతారు. ఒక్కొక్క శవం ఐదు ప్రశ్నలకే జవాబిస్తుంది. వీరు తమలో తాము అనుకునే పిచ్చి మాటలను కూడా శవం ప్రశ్నలుగా లెక్కించి, జవాబులిచ్చి, మళ్లీ పడుకుంటుంది. మరొక చోట పురాతన వంతెనను ఎట్లా దాటాలో ఒక మహావీరుడు పెద్ద లెక్క చెబుతుండగా, మాంత్రికుడు తెలియక కాలు మోపగానే వంతెన అంతా కూలిపోతుంది. పాచిక మీద ఒకటి పడినదన్నమాట! పాచికను ఎక్కడా చూపకుండానే దాని చప్పుడు వినిపించారు. నేను పడిపడి నవ్వాను. భాయి నా వైపు చూసి, "మన అయ్యార్ తాళం విరగ్గొట్టిన రాత్రి గుర్తుందా?" అన్నాడు. నవ్వు ఆగిపోయింది.

ఆ చిత్రం చివర ఒక ఘట్టం ఉన్నది. చనిపోయిన ఒక్కరిని బ్రతికించగల పలక ఎడ్జిన్ చేతికి వస్తుంది. భార్యను బ్రతికించుకోవాలనే అతడు కథ పొడుగునా దాని కోసం తపించాడు. కాని అప్పుడే, తన కూతురిని పెంచిన స్నేహితురాలు హోల్గా యుద్ధంలో ప్రాణం విడుస్తుంది. అతడు పలకను ఆమె కోసం వెచ్చిస్తాడు. నాయకుడు తాను కోరినది వదులుకొని జతగానికి ఇచ్చాడు. నేనో, జతగానిది తీసి నా మీద వేసుకున్నాను. దాదీ చెప్పిన నలుగురు అన్నలు వేరే ఎక్కడో లేరు. నా మీసకట్టులోనే ఉన్నారు.

ఇంత మంచి చిత్రానికి డబ్బు బాగా వచ్చినదా అంటే అదీ లేదు. పదిహేను కోట్ల డాలర్లు పెడితే హాళ్లలో వసూలైనది సుమారు ఇరవై కోట్ల ఎనభై లక్షలు. హాళ్లవారి వాటా పోగా మిగిలేదెంతో వాణిజ్యశాస్త్ర విద్యార్థులు లెక్క కట్టగలరు.

భాయి మరొక సంగతి చెప్పాడు. అమెరికాలో పాత్రలకు గొంతు అరువిచ్చే కళాకారులు కొందరు ఇంట్లో ఈ ఆట ఆడుకునేవారు. 2015 నుండి తాము ఆడుతుండగా లోకానికి చూపడం మొదలుపెట్టారు. 2019లో ఆ కథను బొమ్మల చిత్రంగా తీయడానికి చందాలు అడిగితే అభిమానులు కోటి పది లక్షల డాలర్లకు పైగా ఇచ్చారు. 2022 జనవరిలో 'ది లెజెండ్ ఆఫ్ వాక్స్ మాకినా' అనే పేరుతో అది వెలువడింది. అందులో ఎవరు ఆడిన పాత్రకు వారే గొంతు ఇచ్చారు. నడుమ ఆట విడిచిపోయిన ఒకరి పాత్ర మాత్రం ఆ చిత్రంలో లేదు. "అంత డబ్బున్నవారికి కూడా ఆ ఒక్కటి కుదరలేదు" అని భాయి అన్నాడు. అన్నాడు గాని, మా ఇద్దరికీ ఒకేసారి తోచింది. అతడు దుబాయిలో ఉంటే మాత్రమేమి, గొంతుకు వీసా అవసరం లేదు కదా!

అడగడానికి నాకు రెండు నెలలు పట్టింది. నేను చేసిన పని ఏమిటో దాపరికం లేకుండా చెప్పి, ఆ రాత్రి చెప్పిన కథను మళ్లీ ఒకసారి చెప్పి పంపుమన్నాను. "ఇప్పుడెందుకురా" అన్నాడు. వారం తరువాత, శుక్రవారం సెలవు నాడు, పదకొండు నిమిషాల శబ్దం వచ్చింది. గదిలో కూలరు రొద, ఎవరో రొట్టెలు కాలుస్తూ పిలిచే పిలుపు, నడుమ అతని గొంతు. భాయి రొదను తొలగిస్తానన్నాడు. నేను వద్దన్నాను. నా కత్తి విన్యాసం మూడు నిమిషాలూ కోసివేశాము. ఆ చోట తలుపును, కావలివానిని మాత్రమే చూపి, ఆ గొంతును వినిపించాము. అతడు ఆగిన చోటల్లా మేము ముగ్గురం ఊఁ కొట్టి దానిని కలిపాము. చిత్రం ఇరవై రెండు నిమిషాలయింది. ఇంత నిడివి వార్షికోత్సవంలో ఒప్పరు. అది నాకు తెలుసు.

2024 రంజాన్‌లో మిద్దె మీద తెల్లదుప్పటి కట్టి, అద్దెకు తెచ్చిన ప్రొజెక్టరుతో వేశాము. మిత్రుని తల్లిని పిలిచాము. ఆమె దాదీ పక్కన చాప మీద కూర్చున్నది. కొడుకు గొంతు మొదలుకాగానే కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నది. చివర వరకు విని, "వాడు ఆ రాత్రి నిద్రపోయిండనే అనుకున్న. గోడ మీద ఎలుతురు నేను చూసిన. మా ఆయన బ్యాటరీ పరీక్ష చేస్తున్నడేమో అనుకున్న" అన్నది. ఆ బ్యాటరీ ఇప్పటికీ ఇంట్లోనే ఉన్నదట, వెలగదు. దాదీ సినిమా ఎట్లున్నదో చెప్పలేదు. పొడుగునా ఊఁ కొడుతూనే ఉన్నది.

అందరూ వెళ్లాక, పాత ఆట ఎక్కడ ఆగిందో అక్కడి నుండి మొదలుపెడదామని భాయి డబ్బా తెప్పించాడు. అయ్యార్ ఫోనులో ఉన్నాడు, అతని తరఫున చీటీ నేను తీయాలని ఒప్పందం. ఎందుకైనా మంచిదని ముందు చీటీలు లెక్కపెట్టాము. పంతొమ్మిదే ఉన్నవి. చాప కింద, చాటలో, దాదీ పెట్టె వెనుక, అంతటా వెతికాము. ఒక్కొక్క చీటీ విప్పి చూస్తే లేనిది ఇరవై.

ఫోనులో నవ్వు వినిపించింది. "అది నా పర్సులో ఉన్నదిరా. నేను వచ్చేదాక మీకెవ్వరికీ ఇరవై పడది" అన్నాడు.